మంచంల పడకుండ పోవాలె

ధర్మపురిలో గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకు వేరుగా ఒక గుడి ఉంది. యముడికి గుడి కట్టి మొక్కే ఊళ్లు దేశంలో చాలా అరుదు. ధర్మపురికి పోయినవాళ్లకు యమపురి ఉండదని ఈ ప్రాంతంలో పిల్లలకు కూడా తెలిసిన నానుడి. వచ్చినవాళ్లు అక్కడి గండదీపంలో నూనె పోసి, గండాలు తప్పాలని మొక్కుకుని పోతారు. ఆ నూనె గిన్నెలు పట్టుకుని నిలబడ్డ ముసలివాళ్ల మాటలు కాసేపు వింటే మాత్రం ఇంకో కోరిక వినపడుతుంది. నూరేళ్లు బతకాలని వాళ్లలో ఎవరూ అనరు. "కాళ్లు రెక్కలు ఆడంగనే పోవాలె" అంటారు. "మంచంల పడకుండ పోవాలె" అంటారు. "ఒకల చేత చేపించుకోకుండ పోవాలె" అంటారు.

గుడిలో ఉన్నంతసేపు అది దేవుడికీ మనిషికీ మధ్య మాట. అదే మనిషి జగిత్యాల నుంచి కరీంనగర్‌కు, అక్కణ్నుంచి హైదరాబాద్‌కు అంబులెన్సుల్లో పోయి, గొంతులో గొట్టం, పక్కన వెంటిలేటర్‌తో ఐసీయూలో పడుకున్నాక ఆ కోరిక చట్టం చేతికి వస్తుంది. అప్పుడు ఆయన మాట్లాడలేడు. ఆయన తరఫున ఎవరు మాట్లాడాలో ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత జరిగేది తెలంగాణ పల్లెల్లో చాలా కుటుంబాలకు అనుభవమే. డాక్టర్ బయటికొచ్చి, ఆశ లేదనే సంగతిని ఆశ ఉందో లేదో తేలకుండా చెబుతాడు. బంధువులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బిల్లు కోసం అమ్మిన గుంటల లెక్క ఒకరి మనసులో తిరుగుతుంటుంది, పైకి చెప్పడానికి నోరు రాదు. చివరికి ఒక పెద్దమనిషి "ఇగ ఇంటికి తీసుకపోదాం, పానం ఇంటికాడ పోవాలె" అంటాడు. అప్పుడొక కాగితం వస్తుంది. డాక్టర్ల సలహాకు విరుద్ధంగా, సొంత పూచీ మీద రోగిని తీసుకుపోతున్నామని దాని మీద రాసి ఉంటుంది. ఆసుపత్రి సిబ్బంది దాన్ని ‘లామా’ అంటారు. కాగితం ప్రకారం డాక్టర్ వద్దన్నాడు, ఇంటివాళ్లే తీసుకుపోయారు. నిజానికి రెండు వైపులా వచ్చిన నిర్ణయం ఒకటే. ఒకరికి పైకి చెప్పే ధైర్యం లేదు, ఇంకొకరికి అడిగే ధైర్యం లేదు. దారి పొడుగునా అంబులెన్సులో ఒకరు గాలి సంచి నొక్కుతూ కూర్చుంటారు. ఇంటికి చేరాక దాన్ని నొక్కడం ఎవరు ఆపాలో ఏ కాగితంలోనూ ఉండదు. నొప్పికి, ఆయాసానికి ఇంట్లో ఏం మందు ఇవ్వాలో కూడా ఉండదు.

డాక్టర్ సాయంతో చనిపోయే హక్కు మనిషికి ఉండాలా అని ప్రపంచమంతా వాదిస్తోంది. అది పెద్ద ప్రశ్న, అడగవలసిన ప్రశ్న. అయితే జగిత్యాల నుంచి ఐసీయూకు పోయిన కుటుంబానికి ముందుగా కావలసింది ఆ హక్కు కాదు. ఇక చాలు అనే మాటను దొంగచాటుగా కాకుండా, తలెత్తుకుని చెప్పగలిగే దారి. ఆ దారి చట్టంలో ఇప్పటికే ఉంది. అది ఐసీయూ తలుపు దాకా రాలేదు, అంతే.

మాటల్లోనే పెద్ద చిక్కు ఉంది. మన పత్రికలు నాలుగు వేర్వేరు సంగతులకు ‘కారుణ్య మరణం’ అనే ఒకే పేరు పెట్టాయి. రోగి అడిగితే డాక్టరే ప్రాణం తీసే మందు ఎక్కించడం ఒకటి. డాక్టర్ మందు రాసిస్తే రోగి తన చేత్తో తానే తీసుకోవడం రెండోది. విదేశాల్లో వైద్య సహాయంతో మరణం అని చట్టాలు చేసింది ఎక్కువగా దీని మీదే. ఈ రెండూ మన దేశంలో నేరాలు. మొదటిది హత్య లెక్కలోకో, పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి సమ్మతి ఉంటే హత్య కాని నరహత్య లెక్కలోకో వస్తుంది. రెండోది ఆత్మహత్యకు ప్రేరేపించడం, అంటే భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్. ఇక మూడోది, కోలుకునే అవకాశం లేని మనిషికి ప్రాణాన్ని పొడిగించే యంత్రాన్ని తీసేయడం, లేదా అసలు పెట్టకపోవడం. రోగాన్ని దాని దారిన పోనివ్వడం. దీన్ని సుప్రీంకోర్టు 2011లో హైకోర్టు అనుమతి షరతుతో ఒప్పుకుంది, 2018లో హక్కుగా ఖరారు చేసింది. నాలుగోది బ్రెయిన్ డెత్. మెదడు కాండం పూర్తిగా చనిపోయిందని డాక్టర్ల బృందం నిర్ధారిస్తే, 1994 నాటి అవయవ మార్పిడి చట్టం లెక్కలో ఆ మనిషి చనిపోయినట్టే. జీవన్‌దాన్ పథకం కింద జరిగే అవయవదానాలకు ఆధారం ఇదే. ఈ చివరి దానిలో కారుణ్యం ప్రశ్నే లేదు, ఎందుకంటే మరణం అప్పటికే జరిగిపోయింది.

ఈ నాలుగింటినీ కలిపి చూడటం వల్ల ఎంత నష్టమో 2004లో హైదరాబాద్ చూసింది.

వెంకటేశ్ చదరంగం ఆటగాడు. వయసు ఇరవై అయిదు. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అనే జన్యు వ్యాధి కండరాలను ఒక్కొక్కటిగా చంపుకుంటూ వచ్చింది. ఆ జబ్బు ఉన్న మగపిల్లలు ముందు నడక పోగొట్టుకుంటారు, తర్వాత చేతులు, ఆఖరికి ఊపిరితిత్తులు, గుండె. 2004 డిసెంబరు నాటికి అతను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఎలాగూ పోతున్నాను, అవయవాలు పాడవకముందే తీసి ఎవరికైనా ఇవ్వండి అన్నది అతని కోరిక. ఆ కోరిక పట్టుకుని తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లింది. కన్న కొడుకు చావుకు అనుమతి అడుగుతున్న తల్లి అని దేశమంతా వార్త అయింది. నిజానికి ఆమె అడిగింది కొడుకు దానం చేసే హక్కు.

కోర్టు ఒప్పుకోలేదు. బ్రెయిన్ డెత్ కాని మనిషి నుంచి గుండెలాంటి అవయవం తీయడమంటే చట్టం దృష్టిలో ప్రాణం తీయడమే. న్యాయమూర్తుల ముందు వేరే దారి లేదు. డిసెంబరు 17న వెంకటేశ్ చనిపోయాడు. అతను ఇద్దామనుకున్నవాటిలో కళ్లు మాత్రమే ఇవ్వగలిగారు. 2022లో రేవతి దర్శకత్వంలో కాజోల్ నటించిన ‘సలామ్ వెంకీ’ హిందీ సినిమాకు ఈ తల్లీకొడుకుల కథే మూలం.

ఆ కోర్టు అలా అనడం వెనక పదిహేడేళ్ల చరిత్ర ఉంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే ఐపీసీ 309వ సెక్షన్ ఉండాలా పోవాలా అని 1980లలో దేశంలోని హైకోర్టులు తలోమాట అన్నాయి. బొంబాయి హైకోర్టు 1986లో దాన్ని కొట్టేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1987లో చెన్న జగదీశ్వర్ కేసులో ఆ సెక్షన్ నిలబడుతుందంది. ఆ ధర్మాసనం తరఫున తీర్పు రాసింది ఆ హైకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయిన జస్టిస్ అమరేశ్వరి. జీవించే హక్కులో చనిపోయే హక్కు దానంతటదే ఇమిడి లేదని ఆమె నిర్ణయించారు. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దీనికి ఎదురు తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసినవాళ్లలో ఒకరు శ్రీకాకుళ ఉద్యమంతో ముడిపడ్డ నాగభూషణ్ పట్నాయక్. రెండేళ్లకే, 1996 మార్చిలో జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు అమరేశ్వరి చెప్పిన వైపుకే వచ్చారు. అయితే ఒక తలుపు ఓరగా తెరిచి ఉంచారు. జీవించే హక్కులో చివరి శ్వాస దాకా గౌరవంగా ఉండే హక్కు ఉందని, సహజ మరణం మొదలైపోయిన మనిషి విషయం వేరని అన్నారు. తర్వాత వచ్చినదంతా ఆ సందులోంచి వచ్చిందే.

ఆత్మహత్యాయత్నం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒకటి చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక, ఆ ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులైలో అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో పాత 309 ఆ రూపంలో లేదు. మనసు ఆ వైపు లాగుతున్నవాళ్లు టెలీ మానస్ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయవచ్చు. నయం కాని జబ్బు చివరి రోజుల్లో మనిషి తీసుకునే నిర్ణయం వేరు, బతుకు భారమై వచ్చే తెగింపు వేరు. రెండింటినీ వేరు చేయలేని చట్టం ఏదైనా ప్రమాదమే.

ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ కథ చాలామందికి తెలుసు. 1973 నవంబరులో జరిగిన దాడి తర్వాత దాదాపు నలభై రెండేళ్లు ఆమె ఆ ఆసుపత్రి మంచం మీదే ఉండిపోయింది. పింకీ విరానీ అనే రచయిత్రి ఆమె తరఫున వేసిన పిటిషన్ మీద 2011 మార్చి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అరుణ విషయంలో ఆహారం ఆపడానికి ఒప్పుకోలేదు. ఆమెను బిడ్డలా సాకిన తోటి నర్సులు వద్దన్నారు, వాళ్ల మాటే కోర్టు విన్నది. కానీ ఇలాంటి మిగతా కేసుల్లో హైకోర్టు అనుమతితో ప్రాణాధార చికిత్స ఆపవచ్చని మొదటిసారి చెప్పింది. అరుణ 2015 మేలో న్యుమోనియాతో చనిపోయింది.

ఈ చరిత్రలో తెలుగువాళ్ల పాత్ర గురించి బయట పెద్దగా ఎవరూ చెప్పుకోరు. చికిత్స ఆపే విషయంలో దేశానికి ఒక చట్టం కావాలని 2006లో లా కమిషన్ తన 196వ నివేదికలో ముసాయిదాతో సహా రాసిచ్చింది. అప్పుడు కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం. జగన్నాధరావు. వెంకటేశ్ చనిపోయి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. అరుణ తీర్పు తర్వాత అదే విషయాన్ని మళ్లీ పరిశీలించి 2012లో 241వ నివేదిక ఇచ్చినప్పుడు అధ్యక్షుడు జస్టిస్ పి. వెంకటరామిరెడ్డి. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లే. 2017లో గోప్యత హక్కు కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, ప్రాణాన్ని పొడిగించే చికిత్సను కాదనే స్వేచ్ఛ కూడా గోప్యత కిందికి వస్తుందని తన తీర్పులో రాశారు. కృష్ణా జిల్లా పెదముత్తేవి నుంచి వెళ్లిన మనిషి రాసిన ఆ వాక్యం మరుసటి ఏడు వచ్చిన పెద్ద తీర్పుకు ముందుమాటలా ఉంటుంది. నివేదికలు వచ్చాయి, 2016లో కేంద్రం ఒక ముసాయిదా బిల్లును జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. పార్లమెంటు చట్టంగా మాత్రం అది రాలేదు. శాసనం చేయవలసినవాళ్లు పక్కకు తప్పుకుంటే ఆ బరువంతా న్యాయస్థానాల మీద పడింది. ఇది మంచి సంప్రదాయం కాదు. కోర్టు తన ముందుకొచ్చిన కేసును బట్టి నియమాలు రాస్తుంది. రోగి ముందే రాసిపెట్టిన కోరికకు గ్రామ పంచాయతీలో ఎవరు రిజిస్టర్ ఉంచాలో, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో ఆ ఫైలు ఎవరు చూడాలో తేల్చి, దానికి డబ్బు, మనుషులు ఇవ్వడం ప్రభుత్వాల పని.

2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనంది. లివింగ్ విల్ రాసుకోవచ్చంది. బతికి ఉండగా అమలయ్యే వీలునామా అది. ఆస్తి ఎవరికన్నది అందులో ఉండదు, నోట మాట రాని రోజున నా ఒంటికి ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నది ఉంటుంది. తీర్పు గొప్పదే. కానీ దానికి పెట్టిన షరతులు చూస్తే, వాటిని రాసినప్పుడు ఎవరి మనసులోనూ ధర్మపురి లేదనిపిస్తుంది. విల్లు మీద మెజిస్ట్రేటు సంతకం కావాలి. రోగి చివరి దశలో ఉన్నాడని తేల్చే బోర్డుల్లో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నిపుణులు ఉండాలి. వాళ్ల తర్వాత రెండో బోర్డు, ఆ పైన మెజిస్ట్రేటు స్వయంగా వచ్చి రోగిని చూడాలి. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న నరాల డాక్టరు, గుండె డాక్టరు ఒక్కచోట దొరికేది మహానగరంలోనే. అయిదేళ్లలో ఆ దారిన నడిచి గమ్యం చేరినవాళ్లు లేరనే చెప్పాలి. డాక్టర్లే మళ్లీ కోర్టుకు వెళ్లి, ఇది అమలు చేయలేని తీర్పని మొరపెట్టుకున్నారు.

2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నాయకత్వంలోని ధర్మాసనం ఆ ముళ్లు చాలావరకు ఏరేసింది. ఇప్పుడు దారి ఇలా ఉంది. పద్దెనిమిదేళ్లు నిండి, మనసు స్థిమితంగా ఉన్న ఎవరైనా తన విల్లు రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి, వీలైతే బయటివాళ్లు. నోటరీ ముందు గానీ గెజిటెడ్ అధికారి ముందు గానీ సంతకం చేస్తే చాలు. జగిత్యాల కోర్టు దగ్గర నోటరీలు ఉంటారు, మండలంలో గెజిటెడ్ హోదా ఉన్న అధికారులు ఉంటారు. తన తరఫున నిర్ణయం చెప్పవలసినవాళ్లుగా ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయవచ్చు. ఒక ప్రతి కుటుంబ డాక్టరుకు, ఒకటి మునిసిపాలిటీ లేదా పంచాయతీ తరఫున నియమించిన అధికారికి ఇవ్వాలి. ఎప్పుడైనా మనసు మార్చుకుని రద్దు చేసుకోవచ్చు.

ఆసుపత్రిలో ఆ రోజు వచ్చినప్పుడు మొదటి బోర్డులో చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు ఉంటారు. వాళ్లు అవునంటే ఆసుపత్రి రెండో బోర్డు వేస్తుంది. అందులో జిల్లా వైద్యాధికారి పంపిన ఒక డాక్టరు, మొదటి బోర్డులో లేని ఇద్దరు నిపుణులు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. యంత్రం తీసేముందు మెజిస్ట్రేటుకు తెలియజేస్తే చాలు, అనుమతి కోసం ఆగనక్కర్లేదు. బోర్డులు కాదంటే హైకోర్టు ఉంది. విల్లు రాయని రోగుల విషయంలో కుటుంబం సమ్మతితో ఇవే మెట్లు ఎక్కాలి.

ఇరవై ఏళ్లు అయిదేళ్లు కావడం ఢిల్లీలో చిన్న సవరణ. జగిత్యాలకు అది పెద్ద మార్పు. ఇక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది, సిరిసిల్లలో 2023లో. అయిదేళ్ల అనుభవం దాటిన అసిస్టెంట్ ప్రొఫెసర్లతో జిల్లాలోనే రెండు బోర్డులు వేయడం ఇప్పుడు ఊహకు అందే పని. కరీంనగర్ దాకా, హైదరాబాద్ దాకా పోయి, లామా కాగితం మీద వేలిముద్ర వేసి, గాలి సంచి నొక్కుకుంటూ వెనక్కి రావలసిన అవసరం కొందరికైనా తప్పుతుంది. దానికి ముందు ప్రభుత్వం వైపు నుంచి ఉత్తర్వు కావాలి, ఆ ఉత్తర్వు ఆసుపత్రి గోడ దాకా రావాలి. పొరుగున కర్ణాటక 2025 జనవరి 30న రెండో బోర్డులకు డాక్టర్లను నామినేట్ చేయడం గురించి ఆసుపత్రులకు, జిల్లా అధికారులకు సర్క్యులర్ ఇచ్చింది. గోవాలో అప్పటి బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎం.ఎస్. సోనక్ 2024లో తన లివింగ్ విల్‌ను తానే నమోదు చేయించుకుని దారి చూపించారు. కేంద్ర ఆరోగ్యశాఖ అదే ఏడు సెప్టెంబరులో చికిత్స ఉపసంహరణ మీద ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది.

మరి డాక్టర్ సాయంతో మరణం సంగతి? దాని మీద తెలుగువాళ్లకు అభిప్రాయం అవసరం లేదనుకునే రోజులు పోయాయి. కోరుట్లలో తల్లిదండ్రులు, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో కొడుకు ఉన్న ఇళ్లు ఉన్నాయి. న్యూజెర్సీలో 2019 ఆగస్టు నుంచి, కాలిఫోర్నియాలో 2016 జూన్ నుంచి ఆ చట్టం ఉంది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్‌లో లేదు. అంటే ఇద్దరు అన్నదమ్ములు రెండు రాష్ట్రాల్లో ఉంటే, చివరి ఆరు నెలల్లో వాళ్లకుండే హక్కులు వేరు. మెల్‌బోర్న్ తెలుగువాళ్లకూ 2019 నుంచి విక్టోరియా చట్టం వర్తిస్తుంది.

ఈ చట్టాలన్నిటికీ అక్కలాంటిది అమెరికాలోని ఓరెగాన్ చట్టం. 1994లో జనం ఓటేసి గెలిపించారు, 1997లో అమల్లోకి వచ్చింది. ఆరు నెలల కంటే ఎక్కువ బతకడని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. రోగి వ్యవధి ఇచ్చి రెండుసార్లు నోటితో, ఒకసారి రాతపూర్వకంగా అడగాలి. మందు తన చేత్తో తానే తీసుకోవాలి. నెదర్లాండ్స్ 2002 నుంచి డాక్టరే మందు ఎక్కించడానికీ ఒప్పుకుంది. బెల్జియంది అదే ఏడు, అదే దారి. స్విట్జర్లాండ్‌లో అయితే ప్రత్యేక చట్టమే లేదు. స్వార్థం కోసం ఇంకొకరి ఆత్మహత్యకు సాయపడితే నేరం అనే 1942 నాటి సెక్షన్ నుంచే అక్కడి పద్ధతి పుట్టింది. కెనడా 2016లో మొదలుపెట్టి 2021లో, మరణం దగ్గర్లో లేనివాళ్లకు కూడా వర్తించేలా విస్తరించింది. వికలాంగుల సంఘాలు గట్టిగా ఎదురు తిరిగింది అప్పుడే. బతకడానికి కావలసిన ఇల్లు, సాయం, చికిత్స ఇవ్వకుండా చావడానికి సాయం చేస్తామంటారా అని వాళ్లు అడిగారు. బ్రిటన్ దిగువ సభ 2025 జూన్ 20న 314–291 ఓట్లతో ఇలాంటి బిల్లును ఆమోదించింది.

ఓరెగాన్ లెక్కల్లో రెండు సంగతులు ధర్మపురి గుడి ముందు నిలబడ్డవాళ్లకు అర్థమవుతాయి. ఆ మందు రాయించుకున్నవాళ్లలో దాదాపు మూడో వంతు దాన్ని వాడనే వాడరు. చేతిలో ఉందన్న ధైర్యంతో రోగం తీసుకుపోయేదాకా ఉంటారు. రెండోది, ఎందుకు అడుగుతున్నారంటే వాళ్లు చెప్పే కారణాల్లో ముందుండేది నొప్పి కాదు, స్వతంత్రంగా బతికే శక్తి పోవడం, మర్యాద పోవడం. "ఒకల చేత చేపించుకోకుండ పోవాలె" అన్న మాటే అది. అక్కడా ఇక్కడా మనిషి భయపడేది ఒకదానికే.

తేడా చుట్టూ ఉన్నదాంట్లో ఉంది. ఓరెగాన్‌లో ఆ మందు తీసుకున్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది అప్పటికే హాస్పిస్ సంరక్షణలో ఉన్నవాళ్లు. నొప్పి తగ్గించే నర్సు ఇంటికి వచ్చిపోతుంటుంది. ఇక్కడ మంచంలో పడ్డ మనిషికి కోడలో బిడ్డో తప్ప వేరే నర్సు లేదు. ఆత్మహత్యలతో వార్తల్లోకెక్కిన సిరిసిల్ల మరమగ్గాల వాడల్లో, అప్పు మీద అప్పు పెరిగిన ఇంట్లో ఒక ముసలాయన "నన్ను పోనీయుండ్రి" అన్నాడనుకుందాం. ఆ మాట ఆయనదా, అప్పుదా? డాక్టరు రెండుసార్లు అడిగినా, సాక్షులు సంతకం పెట్టినా దానికి జవాబు దొరకదు. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో తలైకూత్తల్ పేరుతో ముసలివాళ్లను ఇంటివాళ్లే వదిలించుకునే ఆచారం ఒకటి ఉంది. ప్రేమగా కనిపించే తంతు చాటున భారం దించుకోవడం ఎంత సులువో అది చెబుతుంది.

అప్పటి చిత్తూరు జిల్లాలో జరిగిన రెండు సంగతులు ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. 2016 జూన్‌లో, కాలేయం పాడైన ఎనిమిది నెలల పసిపాపకు కారుణ్య మరణం ప్రసాదించమని తల్లిదండ్రులు తంబళ్లపల్లె కోర్టుకు వెళ్లారు. వైద్యం చేయించే స్తోమత లేకపోవడమే వాళ్ల కారణం. వార్త బయటికొచ్చాక ప్రభుత్వం కాలేయ మార్పిడికి డబ్బిచ్చింది. చావు కావాలన్న పిటిషన్‌కు జవాబు చికిత్స అయింది. 2021 జూన్‌లో, కరోనా రోజుల్లో, ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును తీసుకుని ఇదే కోరికతో పుంగనూరు కోర్టుకు వెళ్లింది. కోర్టులో పని జరగక వెనక్కి వస్తుంటే దారిలోనే ఆ పిల్లవాడి ప్రాణం పోయింది. కలెక్టరేట్లలో ప్రజావాణి రోజున భూమి తగాదా తేలనివాళ్లు, ఏళ్ల తరబడి తిరిగి అలసినవాళ్లు "కారుణ్య మరణానికి అనుమతి ఇప్పించండి" అని అర్జీలు పెట్టడం తెలుగు పత్రికల్లో తరచూ కనిపించే వార్తే. ఆ కాగితాల్లో చావు అనే మాట ఉన్నచోటల్లా నిజానికి ఉన్నది బతకనివ్వమనే మొర. ఇలాంటి నేల మీద సహాయ మరణ చట్టాన్ని ఇవాళే తెచ్చి పెడితే మొదట దాని కింద నలిగేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

అంటే చావును కోరుకునే ప్రతి మాటా పేదరికమే అని కొట్టిపారేయడం కూడా తప్పే. వెంకటేశ్ కోరినది దైన్యంతో కాదు, నిండు తెలివితో. ఈ నేలకు ఆ ఆలోచన కొత్తది కూడా కాదు. వేములవాడ చాళుక్యులు జైన పండితులను ఆదరించిన చోటు ఇది, కురిక్యాల బొమ్మలగుట్ట మీద జైన శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆహారం మెల్లగా విడిచి దేహాన్ని చాలించే సల్లేఖన వ్రతం జైనులకు పవిత్రం. 2015లో రాజస్థాన్ హైకోర్టు దాన్ని ఆత్మహత్య అంటే సుప్రీంకోర్టు ఆ నెలలోనే ఆ తీర్పును నిలిపేసింది. వెంకటేశ్‌లాంటి మనిషి రేపు మళ్లీ అడిగితే చట్టం దగ్గర ఇంకా మంచి జవాబు ఉండాలి. కానీ ఆ జవాబుకు ముందు ఒక మెట్టు ఉంది, దాని పేరు పాలియేటివ్ కేర్. నయం చేయలేకపోయినా నొప్పి తీసే వైద్యం.

తెలంగాణలో దానికి పునాది హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పడింది. మార్ఫిన్ అంటే మత్తుమందుగానే చూసిన 1985 చట్టాన్ని 2014లో సవరించాక నొప్పికి దాన్ని రాయడం కొంత సులువైంది. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టి, ఇంటికి వెళ్లి చూసే బృందాలకు ‘ఆలన’ పేరుతో వాహనాలు ఇచ్చింది. ఆలన అనే మాటను వెతికి పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. ఆ బండి ఊళ్లోకి వచ్చి, నర్సమ్మ పుండు కడిగి, నొప్పి మాత్ర మోతాదు చెప్పి పోయిన ఇంట్లో "నన్ను పోనీయుండ్రి" అనే మాట బలం తగ్గుతుంది. లామా కాగితంతో ఇంటికి వచ్చిన రోగి దగ్గరకు ఆ బండి మరునాడే వచ్చేలా చేయడానికి పార్లమెంటు అక్కర్లేదు. ఆసుపత్రి నుంచి జిల్లా కేంద్రానికి ఒక ఫోన్ చాలు.

లివింగ్ విల్ రాసుకుందామనుకునే జగిత్యాల, కోరుట్ల పెద్దలకు మామూలు నమూనాల్లో కనిపించని చిక్కు ఒకటి ఉంది. తన తరఫున మాట్లాడవలసినవాళ్ల పేర్లు రాయమంటే మొదట నోటికొచ్చేది పెద్దకొడుకు పేరు. ఆ పెద్దకొడుకు చాలా ఇళ్లలో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఐసీయూ బయట 48 గంటల్లో సమ్మతి చెప్పవలసి వచ్చిన రోజున సెలవు దొరకదు, టికెట్ దొరకదు. దూరాన ఉన్నవాడికి నాయనను విడిచిపెట్టడం కూడా ఎక్కువ కష్టం, వీడియో కాల్‌లో చూస్తూ "ఇంకో రెండు రోజులు ఉంచుండ్రి" అంటాడు. పక్క ఊళ్లో ఇచ్చిన బిడ్డ ఆ రెండు రోజులూ ఐసీయూ మెట్ల మీద కూర్చుంటుంది. సుప్రీంకోర్టు 2023లో ఒకరికి మించి పేర్లు రాయవచ్చన్నది ఇలాంటి ఇళ్లకు బాగా పనికొస్తుంది. కొడుకు పేరు కింద ఆ బిడ్డ పేరు కూడా రాయాలి. రాసేముందు ఇద్దరినీ కూర్చోబెట్టి, గొట్టం గురించి, యంత్రం గురించి, ఎక్కడ ప్రాణం పోవాలనుకుంటున్నారో దాని గురించి, గండదీపం ముందు అన్న ఆ మాటే వాళ్లకూ చెప్పాలి.